బట్టమేక పిట్టకు విడిచిన జాగ

హలో, నమస్తే అందరికి! మంచిగున్నరా? నా మాట వినొస్తున్నదా? చేతిల పనుంటే జర పక్కకు పెట్టుండ్రి. పెద్దేముల్ దిక్కు గొర్లు కాసే నర్సప్ప ముచ్చట చెప్త.

నర్సప్పకు మూడెకరాల చేను ఉంది. అందులో ఒక మూల పావెకరం ఆయన ముప్పై ఏళ్లుగా దున్నలేదు. చుట్టూ అందరిదీ పత్తి, కంది. ఆ మూలన మాత్రం గడ్డి. తన మందను కూడా అందులో అడుగు పెట్టనివ్వడు, చుట్టూ తిప్పి తోలుకుపోతాడు.

పక్క చేను బిచ్చయ్యకు అదొక వేడుక. "ఏం నర్సప్పా, గీయేడు గడ్డి పంట ఎన్ని క్వింటాళ్లు తూగుతది?" అనేవాడు. నర్సప్ప నవ్వి ఊరుకునేవాడు. అసలు సంగతి భార్య కాశమ్మకు కూడా చెప్పలేదు.

వికారాబాద్‌లో డిగ్రీ చదువుతున్న కూతురు మల్లిక ఒక ఆదివారం ఇంటికొచ్చింది. చేతిలో రెండు గళ్లు గీసిన కాగితం.

"నాయినా, మన దిక్కు జంతువులు, పిట్టలు రాసుకరమ్మన్నడు మా సారు. తక్కువైనా ఇంక ఉన్నయి ఈ గడిల, మొత్తానికే లేనియి ఆ గడిల. నువ్వు చెప్పు, నేను రాస్త."

"తోడేళ్లు తక్కువైనయి గని ఉన్నయి. జింకలు గూడ గంతే."

"మరి బట్టమేక పిట్ట? గడ్డి నేలల తిరుగుతది గద, గా పెద్ద పిట్ట?"

నర్సప్ప చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఉన్నదని రాయి," అన్నాడు.

"నువ్వు చూసినవా?"

"కనిపిస్తనే ఉంటది తియ్యి."

"ఏడ కనిపిస్తది?" కాశమ్మ నవ్వింది. "లగ్గమైన కాడికెల్లి నేనైతే చూడలే. ఎవలదన్న సీమకోడిని జూసిండేమో మీ నాయిన!"

మల్లిక నవ్వలేదు. దేశం మొత్తంలో ఆ పిట్టలు రెండు వందలు కూడా లేవని చదువుకున్న పిల్ల. అప్పటికప్పుడే సారుకు ఫోన్ చేసింది.

మర్నాడు చంద్రశేఖర్ సారు తాండూరుదాకా బస్సులో వచ్చి, అక్కణ్నుంచి ఆటో ఎక్కి ఊళ్లో దిగాడు. మెడలో దుర్బిణి. పొద్దున్నించి మధ్యాహ్నందాకా చేలన్నీ తిరిగారు. సారు ముందు, మల్లిక వెనక, ఆమె వెనక తల వంచుకుని నర్సప్ప. చివరికి ఆ గడ్డి దగ్గర ఆగారు.

"ఏడ చూసినవ్ పెద్దాయనా?"

నర్సప్ప గడ్డివైపు చూపించాడు. తర్వాత అడిగాడు, "సారూ, ఒక్క మాట చెప్పుండ్రి. అది మొత్తానికే లేకుండ పోయిందా?"

"లేదు. రాజస్థాన్ దిక్కు ఇంక కొన్ని ఉన్నయి. ఉన్నయంటే కాపాడుకునేతందుకు తొవ్వ ఉన్నట్టే. ఒక్కటి గూడ మిగలకపోతేనే, ఇగ మనం ఏం జేసినా రాదు."

"మరి మన తాన?"

సారు మెడలోంచి దుర్బిణి తీశాడు. "ఏండ్ల సంది ఎవరు చూడలేదు పెద్దాయనా. నువ్వు చూసిన అన్నవనే ఉరికొచ్చిన."

నర్సప్ప అక్కడే గట్టుమీద కూలబడ్డాడు.

"నేను చూసి ముప్పై ఏండ్లాయె. గీడనే, ఉత్త నేల మీద ఒక్కటే గుడ్డు. నా ఎనక మూడు వందల గొర్లు వస్తున్నయి, తొక్కుతయని భయమైంది. మందల పిల్ల అడ్డమొస్తే ఎత్తి పక్కకు పెడ్తం గద, గట్లనే గుడ్డును దోసిట్ల పట్టుకపోయి పొద కింద పెట్టిన. గొర్రెపిల్లయితే అరుస్తది, తల్లి వెతుక్కుంటొస్తది. గుడ్డు ఎట్ల అరుస్తది సారూ? గంత తెల్వి లేకపాయె నాకు."

నర్సప్ప గడ్డినే చూస్తూ చెప్పుకుపోయాడు.

"రెండు దినాలు గా తల్లి గీ జాగలనే తిరిగింది. నన్ను జూసి గూడ పోలే. గుడ్డు తెచ్చి మళ్ల ఈడ పెట్టిన. అప్పటికే సల్లగైంది. మూడో దినం తల్లి పోయింది, మళ్ల రాలే. వస్తదేమోనని జాగ విడిచిన."

"నువ్వొక్కనివే కాదు పెద్దాయనా," సారు పక్కన కూర్చున్నాడు. "గడ్డి భూములే పోయినయి. గదొక్క గుడ్డుతోని..."

"గా ఒక్కటి నేను తీసిన గద సారూ."

మల్లిక కాగితం మడవబోయింది. నర్సప్ప ఆపాడు. "మన తాన లేదని రాయి బిడ్డా. ఆఖరుకు చూసింది నర్సప్ప అని రాయి. ఎట్ల పోయిందో గూడ రాయి."

మల్లిక రాసింది. కళ్లు మసకబారి రాత గడి దాటిపోయింది.

మరుసటి రోజు నర్సప్ప మందను అటే తోలాడు. ఈసారి కర్ర ఎత్తలేదు, అదిలించలేదు. ఇక కాపాడటానికి అక్కడ ఏముంది? కాని ముందు నడిచే పొట్టేలు గడ్డి అంచుదాకా పోయి, అలవాటుగా పక్కకు తిరిగింది. దాని వెనకే మందంతా, ఒక్కటీ లోపల కాలు పెట్టకుండా, ఖాళీ జాగ చుట్టూ తిరిగి పోయింది. నర్సప్ప నిలబడి చూస్తూనే ఉన్నాడు.

గంతే ముచ్చట. మీకు ఎరుకైనోళ్లు ఎవలన్న గొర్లు, మేకలు కాస్తుంటే వాళ్లకు గిది పంపుండ్రి, చదువు రానోళ్లకు మీరే చదివి వినిపియ్యుండ్రి. నేల మీద గుడ్డు కనవడితే ముట్టొద్దు, మందనే మళ్లియ్యాలె అని చెప్పుండ్రి.