పాంకోళ్ళ దారి మీద ఫిర్యాదు

ఆన్సెల్మ్ గరో ముప్పైయొక్క సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో తత్వశాస్త్రం చెప్పాడు. ఎవరూ చూడనప్పుడు వస్తువు ఉన్నట్టా, లేనట్టా అన్న పాఠం ఏటా అక్టోబరులో వచ్చేది. ఏటా అక్టోబరులో పిల్లలు కిటికీ అవతలికి చూసేవారు. అదే ప్రశ్న వెర్నిసీ ఊరి మేయరు కార్యాలయం నోటీసు బోర్డు మీద నాలుగు గుండుసూదులతో తనకోసం కాచుకుని ఉంటుందని ఆయన అనుకోలేదు.

నోటీసు చిన్నదే. పాంకోళ్ళ దారిని ప్రజలు వాడటం మానేశారు. కనుక దానికి రెండు పక్కలా మేత భూములున్న రైతు మహిళ ఒదీల్ పెర్రాష్‌కు దానిని అమ్మదలచారు. అభ్యంతరం ఉన్నవారు పదిహేను రోజుల్లోగా కార్యాలయంలో ఉంచిన పుస్తకంలో రాయవచ్చు.

ఆ దారి పన్నెండు వందల మీటర్లు. పూర్వం అడవిలో చెక్క పాంకోళ్ళు చెక్కేవాళ్ళు బుట్టలు మోసుకుని సంతకు దిగినది దాని మీదనే. ఆన్సెల్మ్‌కు మాత్రం అది వెన్నెముక. ఉద్యోగ విరమణ తరువాత మూడేళ్ళు కష్టపడి, లావు టైర్ల గ్రావెల్ సైకిళ్ళ కోసం ఆయన మోర్వాన్ కొండల్లో అరవై తొమ్మిది కిలోమీటర్ల మార్గం ఒకటి గీశాడు. అంతా మట్టి, కంకర, బీచ్ అనే అడవి చెట్ల నీడ. తారు రోడ్డు ఎక్కడా తగలదు, దాటేచోట తప్ప. పాంకోళ్ళ దారి పోతే ఆ మార్గం రెండు ముక్కలవుతుంది. ముక్కలు కలపాలంటే సైకిళ్ళవాళ్ళు దుంగల లారీలు తిరిగే పెద్ద రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు ప్రాణాలు అరచేత పట్టుకుని పోవాలి.

ప్రజలు వాడుతున్న దారిని అమ్మకూడదు. చట్టం అంతవరకు స్పష్టం. ప్రజలు వాడుతున్నారని చూపడమే మిగిలింది.

ఆయన మార్గం ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంది. రెండువందల పద్నాలుగుసార్లు దించుకున్నారని అక్కడ కనిపిస్తుంది. అందులో సగం, అది సరిగ్గా దిగుతోందో లేదో చూడటానికి ఆయనే దించుకున్నవి. మిగిలినవాళ్ళు తొక్కారో, చూసి పక్కన పెట్టారో దేవుడికే ఎరుక. మూడేళ్ళలో ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. మోకాలి ఆపరేషను తరువాత తానూ రెండేళ్ళుగా సైకిలెక్కలేదు. ఎక్కానని రాస్తే అడిగేవాడు లేడు. కానీ పిల్లలకు నిజం గురించి ముప్పైయొక్క ఏళ్ళు చెప్పినది అబద్ధమవుతుంది.

సాక్షుల కోసం ఊరంతా తిరిగాడు. పాంకోళ్ళ దారి అనగానే అందరి ముఖాలూ వెలిగాయి. రొట్టెల కొట్టు ఆవిడకు వాళ్ళమ్మమ్మ అక్కడ అడవి పండ్లు కోసిన సంగతి గుర్తుంది. మేయరు జెర్వే తన మొదటి ముద్దు ఆ దారి మలుపులోనే పుచ్చుకున్నానని ఒప్పుకున్నాడు. ఈమధ్య ఎప్పుడు వెళ్ళారని అడిగితే మాత్రం ఒకరికి నడుము, ఒకరికి బురద, ఒకరికి ఒదీల్ కుక్క. మేయరైతే సాక్ష్యం సంగతి అటుంచి, ఆ దారి గురించి ఒదీల్ రాసే ఉత్తరాలు చదవలేకే అమ్మకానికి ఒప్పుకున్నానని గుట్టు విప్పాడు.

చివరి శుక్రవారం ఉదయం ఆన్సెల్మ్ తాను రాసుకున్న పదకొండు పేజీలతో కార్యాలయానికి వెళ్ళాడు. నడిచేవాడు లేకున్నా దారి పిలుపుగా మిగిలి ఉంటుందన్నది వాటి సారాంశం. ఆరో పేజీ దగ్గర తనకే నమ్మకం సడలింది. మధ్యాహ్నం పన్నెండింటికి ఈ అమ్మకం మీద విచారణ జరిపే అధికారిణి వచ్చి పుస్తకం తీసుకుపోతుంది. పన్నెండింటికే కార్యదర్శి సొలాంజ్ భోజనానికి పోతుంది. ఈ రెండింటిలో రెండోది మరింత కచ్చితం.

పుస్తకం తెరిచాడు. పదిహేను రోజుల్లో రాసినది ఒక్కరే. ఒదీల్ పెర్రాష్, ఐదు పేజీలు, ఇటూ అటూ వంగని అక్షరాలు.

‘మార్చి పదిహేడు, ఆదివారం, పది గంటల ఇరవై. లావు టైర్ల సైకిళ్ళు నాలుగు. గేటు తెరిచి వదిలారు. దూడలు రెండు రోడ్డెక్కాయి.

ఏప్రిల్ ఏడు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మగవాడు. ఆడవాళ్ళు గేటు మూశారు. వెనక వచ్చిన మగవాడు తెరిచి వదిలాడు.

మే ఒకటి. హాలండు వాళ్ళు పదకొండు మంది. గేటు మూశారు గానీ గొళ్ళెం తిరగేసి పెట్టారు.’

ఇలా మూడేళ్ళు. ఆదివారాలు, పండగలు, చొక్కాల రంగులు, వానలో వచ్చినవాళ్ళు, దారి తప్పి వెనక్కి వచ్చినవాళ్ళు. చివర ఒక వాక్యం: ‘ఈ దారిని నాకు అప్పగించడానికి ఇంతకన్నా కారణం కావాలా?’

ఆన్సెల్మ్ మొదటినుంచి మళ్ళీ చదివాడు. లెక్క పెడితే అరవై ముగ్గురు తేలారు. ఎనిమిది మంది జల్లు వానలో కూడా వచ్చారు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

అప్పుడు తోచింది. ఆయన ఒక్క అక్షరం రాయనక్కరలేదు. ఒదీల్ తన చేత్తోనే తన కొనుగోలును పూడ్చిపెట్టింది. చేయవలసిందల్లా పుస్తకం మూసి, ఇంటికి పోయి, సూపు తాగడం.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఈ సంగతి ఒదీల్‌కు చెప్పకుండా ఉండటానికి కారణాలు వెతికితే ఏడు దొరికాయి, అన్నీ ఉదాత్తమైనవే. ఆ ఏడే ఆయనను కలవరపెట్టాయి. చేయదగిన పనికి ఒక కారణం చాలుతుంది. ఏడు కావలసి వచ్చిందంటే మనసు ఎక్కడో వకీలును పెట్టుకుందన్నమాట.

పదకొండూ నలభైకి ఒదీల్ పాత వ్యాను దిగింది. డెబ్బై ఏళ్ళ మనిషి, రబ్బరు బూట్లు, గడ్డం కింద ముడివేసిన రుమాలు. అధికారిణి తన ఐదు పేజీలూ మొదటినుంచి చివరిదాకా చదువుతుందో లేదో దగ్గరుండి చూడటానికి వచ్చింది.

“ఒదీల్ గారూ, మీరు రాసినది చదివాను,” అన్నాడు ఆన్సెల్మ్.

“చదవడానికేగా రాసింది.”

“ఆ దారిన ఎవరూ పోవడం లేదంటేనే అది మీకు దక్కుతుంది. మీ లెక్కన అరవై ముగ్గురు పోయారు.”

ఒదీల్ కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. పెదవులు కదిలాయి. లెక్క పెడుతోంది.

“అరవై నలుగురు. పెంతకోస్తు పండగ నాటి గడ్డంవాణ్ణి మీరు వదిలేశారు, మాస్టారూ.”

ఆ తరువాతే సంగతి ఆమెకు పూర్తిగా ఎక్కింది. గబగబా లోపలికి నడిచి, ఆ పేజీలు చింపడానికి వీలుందా అని సొలాంజ్‌ను అడిగింది. పేజీలకు అంకెలు వేసి సంతకాలు పెట్టారనీ, చింపడం నేరమనీ, కావాలంటే రాసినది వెనక్కి తీసుకుంటున్నానని కింద రాయవచ్చనీ సొలాంజ్ చెప్పింది. ఎనిమిది నిమిషాలే ఉన్నాయనీ, ఇంట్లో పొయ్యిలో బంగాళాదుంపలు ఉన్నాయనీ కూడా చెప్పింది.

ఒదీల్ కలం తీసుకుంది. కాగితం మీద పెట్టలేదు.

“వెనక్కి తీసుకుంటే?” అని ఆన్సెల్మ్‌ను అడిగింది.

“దారి మీది కావచ్చు.”

“గేటో?”

“గేటు ఎవరూ తెరవలేదని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.”

“అంటే నా దూడలు వాటంతట అవే గొళ్ళెం తీసుకుని షికారుకు పోయాయనా?”

సొలాంజ్ గడియారం చూసింది.

“నలభై ఏళ్ళుగా ఈ ఆఫీసుకు ఫిర్యాదులు ఇస్తున్నాను,” అంది ఒదీల్, ఇద్దరితోనూ కాక గోడతో అన్నట్టు. “ఒక్కదాన్నీ పట్టించుకున్న పాపాన పోలేదు. ఒక్కదాన్నీ నేను వెనక్కి తీసుకున్నదీ లేదు. ఇప్పుడు పన్నెండొందల మీటర్ల బురద కోసం అబద్ధాలకోరునవుతానా?”

కలం కదిలింది. ‘పైన రాసినదంతా నిజం. మొన్న ఆదివారం కూడా ఆరుగురు,’ అని రాసి, కాగితం చిరిగేలా సంతకం పెట్టింది. అప్పుడే చర్చి గంట పన్నెండు కొట్టింది. అధికారిణి గుమ్మంలోకి వచ్చేసరికి సొలాంజ్ కోటు తొడుక్కుని ఉంది.

ఆన్సెల్మ్ చేతిలో పదకొండు పేజీలూ అలాగే ఉన్నాయి. వాటిని మడిచి జేబులో పెట్టుకున్నాడు. దారి పిలుపుగా మిగిలి ఉంటుందో లేదో గానీ, ఎవరైనా విసుక్కుంటున్నంతకాలం ఉన్నట్టే లెక్క. ఇంత తేలిక సమాధానం ముప్పైయొక్క అక్టోబరుల్లో తనకు తట్టలేదు.

వ్యాను ఎక్కబోతూ ఒదీల్ వెనక్కి తిరిగింది.

“ఆ మనుషులు మీవాళ్ళేనా?”

“అనుకుంటాను. నేనెప్పుడూ చూడలేదు.”

“ఆదివారం పదింటికి గేటు దగ్గర ఉండండి. మీవాళ్ళకు మీరే చెప్పుకోండి.”

నెల తిరగకుండా అధికారిణి అభిప్రాయం వచ్చింది. దారి ప్రజల వాడుకలో ఉంది, అమ్మరాదు. ముఖ్య సాక్షి, శ్రద్ధగల పరిశీలకురాలు, శ్రీమతి ఒదీల్ పెర్రాష్. ఆ కాగితం ఒదీల్ పశువుల కొట్టం తలుపు లోపలివైపు అంటించిందని చెబుతారు. ఆ ఆఫీసు ఆమె మాటను యథాతథంగా నమ్మడం అదే మొదటిసారి.

కానీ అది తరువాతి మాట. ఆ ఆదివారం పదింటికి ఆన్సెల్మ్ చేతికర్ర పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఒదీల్ మడత కుర్చీ తెచ్చుకుని కూర్చుంది. తెల్లని ఆవులు కంచె పొడుగునా బారులు తీరి చూశాయి. పదిన్నరకు మలుపు తిరిగి ఒక సైకిలు వచ్చింది. తొక్కేవాడికి మెడదాకా బురద. ముప్పై ఏళ్ళుంటాయి, దిజోన్ నగరం నుంచి వచ్చానన్నాడు. ఒదీల్ గేటు గురించి దండకం చదివింది. అతడు బుద్ధిగా విన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకోగానే, ఈ మార్గం గీసిన మహానుభావుడెవరో తెలుసా అని అడిగాడు.

ఒదీల్ గడ్డంతో ఆన్సెల్మ్‌ను చూపించింది.

“మీరా? మూడో కొండ ఎక్కేచోటు చూశారా మీరు? గుమ్మడికాయలంత రాళ్ళు. ఆ తరువాత వాగు, దానికి వంతెన లేదు. ముప్పై కిలోమీటర్లలో ఒక కాఫీ కొట్టు లేదు.”

ఆన్సెల్మ్ గేటు కమ్మీ మీద రెండు మోచేతులూ ఆనించాడు.

“ఆ వాగు సంగతి మళ్ళీ చెప్పండి,” అన్నాడు. “తొందరేం లేదు.”

కుర్రవాడు ఒక్క క్షణం ఆయనను అనుమానంగా చూశాడు. తరువాత సైకిలు కంచెకు ఆనించి, మొదటినుంచి మొదలుపెట్టాడు.