దొరసాని పంపిన పూలచక్రం

ఇనుపతీగ చట్రానికి తడినాచు చుట్టడం ఎల్స్‌పెత్‌కి ఎంత అలవాటంటే, మనసు ఎక్కడున్నా వేళ్ళు తమ పని తాము చేసుకుపోతాయి. ఆ ఉదయమూ అలాగే చేసుకుపోయాయి. పక్కగదిలో ఆమె ఎనిమిదేళ్ళ కూతురు నెటీ చిన్న పెట్టెలో పడుకుని ఉంది. గొంతు మూసుకుపోయే జ్వరం వచ్చి, వారం తిరక్కుండానే ప్రాణం పోయింది.

పొద్దున్నే భర్త హ్యూ గుమ్మంలో నిలబడి, టోపీ చేతుల్లో నలుపుతూ చెప్పాడు. "దొరసానిగారు మన పాపకి పూలచక్రం పంపిస్తున్నారు."

ఒక్క క్షణం ఆమె మనసు కరిగింది.

"నువ్వైతే బాగా కడతావన్నారు. తెల్లపూలు ఎన్ని కావాలంటే అన్ని కోసుకోమన్నారు."

కిల్‌డ్రమ్ ఎస్టేటులో ఎవరు పోయినా పూలచక్రం కట్టేది ఎల్స్‌పెతే. దాని మీది చీటీలో పేరు మాత్రం దొరసానిది. ఇవాళ తన బిడ్డకి తనే కట్టాలి, ఇంకొకరి పేరున.

వాళ్ళ ఇల్లు తోట ఎత్తుగోడకే ఆనుకుని ఉండేది. వెనకతలుపు తీస్తే తోటే. హ్యూ పెద్ద తోటమాలి, జీతం అతనికి. పెళ్ళానికి జీతమేమిటి, ఉండడానికి ఇల్లిచ్చారు కదా! స్కాట్లండులోని ఆ పెర్త్‌షైర్ చలిలో మట్టికుండీలు కడగడం, కుర్రమాలీలకు వండిపెట్టడం, బంగళాలో విందు ఉంటే స్ట్రాబెర్రీలు ఏరడం, ఇవన్నీ ఆ ఇంటితోపాటు వచ్చినవే. "ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తావులే," అంది అత్త, కాపురానికి వచ్చిన ఏడాదే. ఆ మాట అన్నప్పుడు ఎల్స్‌పెత్ ఏడో నెల కడుపుతో వంగి గూస్‌బెర్రీలు కోస్తోంది.

నెటీ ఆ గోడల మధ్యే నడక నేర్చింది. ఒకసారి తెల్లగులాబీ ఒకటి తుంచి తల్లి జుట్టులో పెట్టింది. "అవి మనవి కావు," అంటూ హ్యూ పిల్ల చేతిమీద కొట్టాడు. నెటీ ఏడవలేదు. తండ్రివైపు కాక తల్లివైపు చూసింది. ఎల్స్‌పెత్ నోరెత్తలేదు. ఇప్పుడు అదే మొక్క దగ్గర కత్తెరతో నిలబడింది. ఇవాళ ఎన్నైనా కోసుకోవచ్చు.

మధ్యాహ్నం పాస్టరు ప్రార్థన చేశాడు. మగవాళ్ళు తలా ఒక గుక్క విస్కీ తాగి, పెట్టెనూ పూలచక్రాన్నీ తీసుకుని నడిచారు. ఆడవాళ్ళు ఇంట్లో ఉండిపోయారు. అక్కడి ఆచారం అది.

ఎల్స్‌పెత్ గుమ్మం దాకా వెళ్తే, రొట్టె కోస్తున్న అత్త పిలిచింది. "రా అమ్మాయ్. మనం సమాధి దాకా వెళ్ళం. నేను నా బిడ్డల్ని ముగ్గుర్ని పంపాను, ఏ రోజూ గడప దాటలేదు. వాళ్ళొచ్చేసరికి టీ సిద్ధంగా ఉండాలి."

"వాళ్ళని ఎక్కడ పెట్టారో మీకు తెలుసా అత్తయ్యా?"

ముసలామె చేతిలో కత్తి ఆగిపోయింది. "చర్చి గోడవారగా ఎక్కడో అన్నారు," అంది.

ఎల్స్‌పెత్ ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించింది. అత్త ఆపలేదు.

ఆమె చర్చి వెనక్కి చేరేసరికి మగవాళ్ళు గోతి చుట్టూ పెట్టెను దించే తాళ్ళు పట్టుకుని ఉన్నారు. తలవైపు తాడు హ్యూ చేతిలో ఉంది. కాళ్ళవైపుది, మర్యాద కోసమని, ఎస్టేటు మేనేజరుకి ఇచ్చారు. పిల్ల పేరైనా అతనికి సరిగ్గా తెలియదు. ఎల్స్‌పెత్ అతని ముందుకు వెళ్ళి చెయ్యి చాపింది.

"ఇంటికెళ్ళు ఎల్స్‌పెత్," అన్నాడు హ్యూ గొంతు తగ్గించి. "ఇది మగవాళ్ళు చేసే పని."

"దీన్ని మోసింది నేను, హ్యూ. దించేదీ నేనే."

మేనేజరు పాస్టరువైపు చూశాడు. పాస్టరు తలవంచుకుని పుస్తకంలోకి చూశాడు. తాడు ఆమె చేతిలోకి వచ్చింది.

పెట్టె మెల్లగా దిగుతోంది. ఎంతో బరువుంటుందనుకుని రెండు చేతులా బిగించి పట్టుకుంది ఎల్స్‌పెత్. అసలు బరువే లేదు.