అండాలమ్మ రీలు

పొద్దున్నే దుకాణం షట్టర్ ఎత్తగానే అండాలమ్మ దేవుడికి దండం పెట్టదు, ముందు మిషన్ మీది రీలు చూస్తుంది. దారం నిండుగా ఉందనిపిస్తే అప్పుడు దండం. దేవుడు ఆ మాత్రం ఆగగలడని ఆమె నమ్మకం.

దిల్‌సుఖ్‌నగర్ సందులో ఆమె మొదట బడిసంచులు కుట్టేది. పెద్దబిడ్డ జ్యోతిక కాలేజీ పిల్లలతో భువనగిరి గుట్ట ఎక్కబోయి, నడుముకు కట్టిన బెల్టు తెగి పడిపోయింది. పిల్ల పోయాక ఆ బెల్టు ఇంటికి తెచ్చిచ్చారు. నాలుగు వరుసల కుట్టు ఉండాల్సిన చోట ఒక్కటే వరుస. కుట్టినవాడెవడో తెలియదు. వాడి చేతులు పడిపోవాలని అండాలమ్మ ఏడ్చినన్నాళ్లూ తిట్టింది. ఆ తర్వాత బడిసంచులు మానేసి గుట్టలెక్కే బెల్టులు, వీపుసంచులు, గుడారాలు కుట్టడం మొదలుపెట్టింది. బోర్డు మీద కూతురి పేరే రాయించింది. భర్త జంగయ్య ఆర్టీసీ డ్రైవరు. "గీ గుడారాలు ఎవరు కొంటరే?" అన్నాడు గానీ, కొన్నారు.

ఆమె కుట్టిన బెల్టుతో ఎక్కడైనా ఎవరైనా జారి వేలాడితే, ఇక్కడ మిషన్ మీది రీలు దానంతటదే తిరుగుతుంది. దారం సూది బెజ్జంలోంచి దిగి ఎటో పోతుంది. అక్కడ మనిషి కాలికి ఆసరా దొరికాక ఇక్కడ రీలు ఆగుతుంది. సందులో ఎవరికీ ఇదొక వింత కాదు. ఎదురుగా మ్యాచింగ్ సెంటర్ నడిపే కోటేశ్వరమ్మ, గుంటూరు వైపు మనిషి, "అండాలమ్మా, నీ రీలు తిరుగుతోంది చూడు," అని పొయ్యి మీద పాలు పొంగుతున్నాయన్నట్టే కేకేస్తుంది. అండాలమ్మకే అలవాటు కాలేదు. తిరిగినంతసేపూ ఊపిరి బిగబట్టుకుని నిలబడుతుంది. మధ్యలో దారం అయిపోతే ఏమవుతుందో ఆమెకు తెలియదు. తెలుసుకునే ధైర్యమూ లేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి. జంగయ్య డిపో ముందు టెంటులో కూర్చున్నాడు. సరుకు రాక, మిషన్ మీద ఉన్నదే ఆఖరి రీలయింది. బంద్ రోజు ఆమె షట్టర్ సగం దించి లోపల ఊడుస్తుంటే రీలు తిరిగింది.

బస్సులే లేని రోజున గుట్టలకు ఎవరు పోయినట్టు? అప్పుడు చూసింది, జ్యోతిక ఫొటో కింద మేకు ఖాళీగా ఉంది. అక్కడ ఉండాల్సింది జగన్ బెల్టు. డిగ్రీ చదివే కొడుకు "అమ్మా, నా బెల్టు" అని ప్రాణం తోడేస్తుంటే, వాడు ఎక్కడా ఎక్కకూడదని "ఇంకా కాలే బిడ్డా" అంటూ కావాలనే ఒక్క వరుస కుట్టి వదిలేసింది. ఎల్బీనగర్ చౌరస్తాలో పెద్ద హోర్డింగు మీద జెండా కడతామని వాడు నిన్న ఫోన్లో అంటుంటే విన్నది కూడా. ఫోన్ చేస్తే ఎత్తలేదు. రీలు సన్నబడుతోంది.

అండాలమ్మ సందు దాటి కోటేశ్వరమ్మ కొట్టు షట్టర్ బాదింది.

"అక్కా, ఒక దారం రీలియ్యి! జర జల్ది!"

లోపల్నించి కోటేశ్వరమ్మ గొంతు వినపడింది. మొన్ననే ఆ కొట్టు బోర్డుకి రాయి తగిలింది. "ఇప్పుడు షట్టరెత్తితే నా కొట్టు మిగలదమ్మా. వాళ్లు వస్తున్నారు, వినపడట్లా?"

నిజమే, సందు మొగలో నినాదాలు.

"నా కొడుకు మిగలడక్కా."

షట్టర్ మోకాలెత్తు లేచింది. చీకట్లో చేతికందిన రీలేదో బయటికొచ్చింది.

"ఏయ్, బంద్ రోజు దుకాణం తెరుస్తరా?" ఊరేగింపు ముందున్న కుర్రాడు రాయెత్తాడు.

అండాలమ్మ వాడికేసి చూడనైనా లేదు. "రీలు తిరుగుతుంది!" అంది పరుగెడుతూనే.

వాడు చెయ్యి దించాడు. వెనక్కి తిరిగి, "ఆగుండ్రి, అండాలమ్మక్క రీలు తిరుగుతుందంట," అన్నాడు. నినాదాలు ఆగాయి. సందంతా నిలబడిపోయింది.

పాత దారం కొస రీలు వదిలేలోగా దానికి కొత్త దారం ముడెయ్యాలి. మొదటి ముడి జారిపోయింది. రెండోది పడింది. ఆ ముడి సూది దాకా వచ్చి, బెజ్జం దగ్గర చిక్కుకుంది. దారం బిగిసి వణుకుతోంది. తెగిందంటే అంతే.

"జ్యోతీ," అంది అండాలమ్మ, "తమ్ముడే బిడ్డా."

ముడి దాటింది. రీలు ఇంకాస్త తిరిగి ఆగింది.

సాయంత్రం జగన్ నడిచొచ్చాడు, అరచేతులు చీరుకుపోయి. "కాలు జారిందమ్మా. బెల్టు కుట్లు పటపట తెగినయ్. ఇగ అయిపోయిన్ననుకున్న. మల్ల ఎట్లనో ఆగినయ్, పైకి గుంజిన్రు."

కొట్టబోయి, వాడి నడుముకున్న బెల్టు పట్టుకుంది. ఉన్నది ఒక్కటే వరుస. సగం దాకా తను కుట్టిన నల్ల దారం, అక్కణ్ణించి చిలకపచ్చ.

చూడటానికొచ్చిన కోటేశ్వరమ్మ కళ్లు తుడుచుకుంది. "ఎవరూ కొనక మూల పడున్న రంగు ఇదమ్మా."

అండాలమ్మకు తన తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఆ ఒక్క వరుస కుట్టినవాడి చేతులు పడిపోవాలని తిట్టిన తిట్లు. తన చేతులకేసి చూసుకుంది.

"నేనే ఒక్క వరుస కుట్టిడిచిపెట్టిన బిడ్డా. నువ్వు ఎక్కొద్దని."

జగన్ తల వంచుకున్నాడు. "ఇగ ఎక్కనమ్మా."

"ఎక్కుతవ్. నాకెర్క లేదా?"

ఆ చిలకపచ్చ దారంతోనే మిగిలిన మూడు వరుసలూ కుట్టింది, సూది ఆడినంతసేపూ భయపడుతూనే. కుట్టి, బెల్టు మేకుకు తగిలించకుండా వాడి చేతికే ఇచ్చింది.