గురువారం వంతు

అయినా వారాల గడులున్న ఆ పాత చెక్క బోర్డును గోడ మీద నుంచి తీసేసి ఉంటే సరిపోయేది, గున్వోర్ గారు ఎప్పటిలాగే తన ఇత్తడి తాళాన్ని గురువారం గడిలో పెట్టి తిప్పి, హమ్మయ్య అనుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయేది కాదు, ఈ అపార్ట్‌మెంటు నేలమాళిగలో బట్టలుతుక్కోవడానికి ఏళ్ల తరబడి అందరం అలాగే వంతు పెట్టుకున్నాం, ఇప్పుడు వంతులన్నీ తలుపు పక్కనున్న గాజు పలకలోకి వెళ్లిపోయాయి, వేలితో తాకాలి, ఆవిడ తాకితే అది వెలగదు, ఎండిపోయిన వేళ్లు, మొదటి రోజు నేను వెనకే నిలబడి తొందరేం లేదు గున్వోర్ గారూ, నిదానంగా కానివ్వండి అన్నాను, పై అంతస్తు టిండ్రా నా చెవిలో, సోల్వేగ్ గారూ, ఆ పలక లెక్కలో ఈవిడ ఎప్పుడో పోయినట్టుంది అంది, నవ్వు ఆగక ఇద్దరం దగ్గాం, వేలు కాస్త తడి చేసుకోండి అని ఒక్క మాట అంటే చాలు, నాకు తెలుసు, అనలేదు, గురువారం ఉదయం వంతు నాకెప్పటి నుంచో కావాలి.

ఆ గురువారం ఆవిడ బుట్టతో దిగేసరికి బట్టలుతికే మరలో నా దుప్పట్లు తిరుగుతున్నాయి, నా తాళం పెట్టానే సోల్వేగ్, అదిగో చూడు అంది, అయ్యో, అదిప్పుడు ఉత్త చెక్కేనండీ, మీకెవరూ చెప్పలేదా అన్నాను, బుట్టలోంచి మూత్రం వాసన, నా తుంటి విరిగినప్పుడు దాల్చినచెక్క బన్నులు చేసి తెచ్చిన చేతులే ఆ బుట్టను గట్టిగా పట్టుకున్నాయి, రేపటికైనా ఓ గంట చూసిపెట్టవే, ఎల్లుండి మా అబ్బాయి లెన్నార్ట్ వస్తాడు, నా పనులు నేను చేసుకోలేకపోతే వృద్ధాశ్రమంలో చేరుస్తానన్నాడు, చూస్తాను లెండి అన్నాను, శుక్రవారమంతా ఖాళీగానే ఉంది, చూడలేదు, లెన్నార్ట్ వచ్చి, ముక్కు రుద్దుకుంటూ మెట్ల దగ్గర నన్ను ఆపి, మా అమ్మ నెట్టుకొస్తోందంటారా అని అడిగాడు, పాపం, ప్రయత్నం చేస్తూనే ఉన్నారండీ అన్నాను, ఆ పాపం అన్న మాటే పని పూర్తి చేసింది.

ఇప్పుడు గున్వోర్ గారి ఇంటి తలుపు మీద వేరే పేరు, ఇంట్లో చలికాలపు హీటర్ల పొడి వేడి, పలక మీద వేలు పెట్టాను, వెలగలేదు, కోటుకు తుడుచుకుని మళ్లీ పెట్టాను, నొక్కాను, లేదు, వేలు తడి చేసుకోవాలని తెలుసు, కానీ వెనక టిండ్రా, ఆ ఇంట్లో కొత్తగా దిగిన అమ్మాయి, ఇద్దరూ ఉన్నారు, వాళ్ల ముందు వేలు నోట్లో ఎలా పెట్టుకోను, తొందరేం లేదు సోల్వేగ్ గారూ, నిదానంగా కానివ్వండి అంటోంది టిండ్రా, ఆ తర్వాత కాస్త గుసగుస, ఆ తర్వాత దగ్గు, ఇద్దరిదీ ఒకేసారి, పలక ముందు నిలబడిన మనిషికి వెనక దగ్గు ఎంత స్పష్టంగా వినిపిస్తుందో, అది దగ్గు కాదని ఎంత తేలిగ్గా తెలిసిపోతుందో, అంటే ఆ రోజే గున్వోర్ గారికి తెలుసు, తెలిసి కూడా నన్నే అడిగింది.