మూసేసిన ప్రశ్న

ఆ అమ్మాయికి శుభ్రత పిచ్చి. బల్ల మీద ఖాళీ కప్పు కనిపిస్తే ఎవరిదని అడగకుండా కడిగేసే రకం. ప్రోగ్రాములు రాయడంలోనూ అదే తంతు. భూకంపాలను నమోదు చేసే ఆ ప్రయోగశాలలో చేరిన కొత్తలో, తెర నిండా గ్రాఫుల విండోలు పేరుకుపోవడం చూసి ఆమెకు ఒళ్ళు మండింది. కొత్త గ్రాఫు గీసే ముందు తెరిచి ఉన్న విండోలన్నీ మూసెయ్యమని ప్రోగ్రాంలో ఒక్క వాక్యం రాసి పడేసింది. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోరూ మరి!

అక్కడ నేలమాళిగలో రాతి దిమ్మ మీద ఉన్న యంత్రం ఆమె బాబాయి చేతి పని. లోకంలో ఏ మూల నేల కదిలినా అది ఇక్కడ గీత గీస్తుంది. స్ప్రింగు దగ్గర్నుంచి తీగ దాకా ఆయన స్వయంగా బిగించనిది అందులో లేదు. ఇప్పుడు దానికి రోజులు దగ్గరపడ్డాయి. పెద్ద భూకంపం వచ్చిన ప్రతిసారీ అది గంటల తరబడి పిచ్చిగీతలు గీస్తోందని, స్ప్రింగు పాడైపోయిందని డైరెక్టర్ తేల్చేశారు. విప్పేయడానికి మధ్యాహ్నం మనుషులు రాబోతున్నారు.

"నువ్వెలా ఒప్పుకున్నావు బాబాయ్?"

"ఏం చెయ్యమంటావే! పెద్ద భూకంపం అల భూమిని చుట్టి మళ్ళీ మన దగ్గరికి రావాలి. అలా వస్తే 'ఇది ఇందాకటి అలేనా?' అని అడిగేట్టు, నువ్వు చేరిన మరుసటేడు ప్రోగ్రాంలో పెట్టాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. దానికంత చెవి లేదు, అంతే."

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు చూడలేక ఆమె కంప్యూటరు వైపు తిరిగింది. ఆ మధ్య సముద్రాల అవతల మహా భూకంపం వచ్చిన నాటి రికార్డును చివరిసారి చూద్దామని ప్రోగ్రాం నడిపింది. గ్రాఫు మారే క్షణంలో తెర మధ్య ఏదో తళుక్కుమని మాయమైంది. మళ్ళీ నడిపింది. మళ్ళీ తళుక్కుమంది. అనుమానం వచ్చి, విండోలు మూసే తన వాక్యాన్ని ఆపి చూసింది.

ఈసారి అది మాయం కాలేదు. ప్రశ్నార్థకం బొమ్మతో చిన్న పెట్టె. 'ఇది ఇందాకటి అలేనా?' కింద రెండు బటన్లు: అవును, కాదు.

కంప్యూటరుకు గ్రాఫూ విండోయే, ప్రశ్న అడిగే పెట్టె కూడా విండోయే. ఎవరూ చదవకముందే ఆమె వాక్యం రెండింటినీ కలిపి ఊడ్చేస్తోంది. జవాబివ్వకుండా మూస్తే ప్రోగ్రాం 'కాదు' అనుకుని, తిరిగొచ్చిన అలను పిచ్చిగీతల్లో పారేస్తోంది.

"బాబాయ్, అది అడుగుతూనే ఉంది. నేనే నోరు నొక్కేశాను."

ఆయన కోప్పడతాడనుకుంది. ఆయన మాత్రం కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "నోరు తెరిపించు మరి."

వాక్యాన్ని తీసేస్తే వందల గ్రాఫులు పోగుపడి కంప్యూటరు మొరాయిస్తుంది. ఏది గ్రాఫో ఏది పెట్టో దానికి తెలియాలి. గ్రాఫుకు అడ్డం, నిలువు అక్షాలుంటాయి కదా, అక్షాలున్నవే మూసెయ్యమంది. పెట్టె మళ్ళీ ఎగిరిపోయింది. తవ్వి చూస్తే, ఆ ప్రశ్నార్థకం బొమ్మను కూడా కంటికి కనపడని బుల్లి అక్షాల మీదే గీశారు!

"చూడ్డానికి ఎలా ఉందని కాదే, ఎవరు తెరిచారని అడుగు" అన్నాడు బాబాయి.

అదీ నిజమే. తను తెరిచే ప్రతి గ్రాఫుకూ ఒక గుర్తు తగిలించి, ఆ గుర్తున్నవాటినే మూసేలా రాసింది. మిగతావాటి జోలికి పోవద్దంది.

పెట్టె వచ్చింది. నిలిచింది. బాబాయి 'అవును' నొక్కాడు. పిచ్చిగీత అనుకున్నది వెళ్ళి మొదటి అల పక్కన అతుక్కుంది. రికార్డులో మరో మూడు గంటలు గడిచేసరికి మళ్ళీ పెట్టె. అదే అల, కాస్త నీరసించి. ఆ తర్వాత ఇంకోసారి.

డైరెక్టర్ మనుషులను వెంటబెట్టుకుని వచ్చేసరికి తెర మీద మరో ప్రశ్న నిలిచి ఉంది. ఈసారి అల గీత ఉందా లేదా అన్నంత సన్నం.

"ఇదేంటి?" అన్నారావిడ.

బాబాయి చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, తెర మీదకు వంగి చాలాసేపు చూశారు. తర్వాత తనే 'అవును' నొక్కారు.

ఆ అమ్మాయి నేల వైపు చూసింది. ఆ భూకంపం రోజు తను ఇదే గదిలో, ఇదే కుర్చీలో ఉంది. ఈ మేడనూ, ఊరినీ, పడుకున్నవాళ్ళనూ, పనిలో ఉన్నవాళ్ళనూ ఆ అల నెమ్మదిగా ఎత్తి దింపింది. సముద్రాల కిందుగా, కొండల కిందుగా లోకమంతా తిరిగొచ్చి మళ్ళీ ఎత్తింది. కాళ్ళ కింద అంత పెద్దది నడిచి వెళ్తే తనకు చీమ కుట్టినట్టయినా అనిపించలేదు.

నేలమాళిగ మెట్ల దగ్గర పనిముట్ల సంచి దించిన చప్పుడైంది. డైరెక్టర్ గబుక్కున వెనక్కి తిరిగారు.

"మెల్లగా నాయనా," అన్నారు గొంతు తగ్గించి. "కింద అది వింటోంది."