ఇస్కా ఐదో ప్రయాణం

రెండు కిలోల చింతపండుకు గింజలు తీసేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. తనూజ రెండుసార్లు సబ్బు పెట్టి చేతులు కడుక్కుంది. వేళ్ళకు జిగురు మిగిలితే మీటలు అతుక్కుంటాయి. ఎనిమిదేళ్ళుగా ఎదురుచూసిన ఆట పొద్దున్నే కంప్యూటర్లోకి దిగింది మరి.

హాల్లో చాప మీద నడుం వాల్చిన అత్తగారు రామతులసమ్మ కళ్ళు తెరవకుండానే అడిగింది. “మిగిలింది రేపన్నా చేస్తావా, ఆటలోనే పడిపోతావా?”

“రేపు చేస్తా అత్తమ్మా.”

“ఆడుకునే వయసా ఇది అంటే మావాడికి కోపం. అది వాడి పనంట.”

వాడి పని. తనూజ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె భర్త శరత్‌చంద్రకు మార్కాపురం బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. దుకాణంకన్నా యూట్యూబ్ ఛానెల్‌తో అతనికి ఎక్కువ పేరొచ్చింది. కంభం, గిద్దలూరు కుర్రాళ్ళందరికీ అతను ‘శరత్ అన్న’. ఆ వీడియోల్లో కనిపించే ఆట ఆడేది తనూజ. ఆట ఎట్లా ఉందో రాసేది కూడా తనూజే. ఆమె రాసింది మైకు ముందు చదవడం అతని వంతు. పెళ్ళయిన కొత్తలో ఒక ఆట రెండో మెట్టు దగ్గరే వారం రోజులు ఇరుక్కుపోయాడు. తనూజ ఆట రిమోటు అందుకుని పది నిమిషాల్లో దాటించింది. అతను నోరు తెరిచి చూసి, భుజం మీద చెయ్యేసి అన్నాడు, “నువ్వు ఆడు, నేను మాట్లాడతా. ఆడోళ్ళ గొంతు వినిపిస్తే కింద ఎట్లాంటి కామెంట్లు పెడతారో నీకు తెలీదు.” అప్పుడు ఆ మాట అచ్చం ప్రేమలాగే వినిపించింది. అట్లా ఏడేళ్ళు గడిచిపోయాయి.

ఇస్కా పరిచయమై మాత్రం ఇరవై ఏళ్ళు. గిద్దలూరు రైల్వేస్టేషన్ రోడ్డులో నాయనకు నెట్ సెంటర్ ఉండేది. ఆయన భోజనానికి ఇంటికెళ్ళినప్పుడు పన్నెండేళ్ళ తనూజ కౌంటరు చూసుకునేది. ఖాళీగా ఉన్న ఒక కంప్యూటర్లో ఇస్కా మొదటి ఆట కనబడింది. నది ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ ఒంటరిగా కొండల్లోకి పోయే పిల్ల ఇస్కా. చేతిలో పటం ఉంటుంది గానీ అది ఖాళీ కాగితం. ఎంత దూరం నడిస్తే అంతవరకే గీత పడుతుంది. దారి తప్పితే ఆ తప్పిన దారి కూడా పటంలో ఉండిపోతుంది, ఎవరూ తిట్టరు. ఆ సంగతి తనూజకు అన్నిటికన్నా నచ్చింది. మూడో ఆటలో మంచు కమ్మిన లోయ ఒకటి వచ్చింది. మేకల మెడగంటలు వింటూ నడవాలని ఎవరూ చెప్పరు. మూడు రోజులు ఆ మంచులో తిరిగి తిరిగి తనంతట తానే కనిపెట్టింది. దాటగానే కుర్చీ మీంచి లేచి ఒక్క కేక పెడితే, కరెంటు షాకు కొట్టిందేమోనని నాయన చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. తరవాత డిగ్రీ, పెళ్ళి, అత్తగారిల్లు. ఎవరైనా దారి చూపిస్తామని ముందుకొచ్చినప్పుడల్లా ఆమెకు ఆ లోయ గుర్తొచ్చేది. కానీ ఏ రోజూ పైకి అనలేదు.

ఐదో ఆట మొదలుపెట్టగానే నీళ్ళ మీద ఎండ పడింది. అంత అందమైన నీళ్ళు తనూజ ఏ ఆటలోనూ చూడలేదు. ఒక అడుగు వేసింది. వెంటనే ఒక మగగొంతు, “ఇస్కా, అటు కాదు, ఇటు,” అంది. ఇస్కాకు ఈసారి తోడుగా ఒక కెప్టెన్‌ను ఇచ్చారు. తాడు పట్టుకో అంటాడు, జాగ్రత్త అంటాడు, మంచి పని చేశావు అంటాడు. నేల మీద పోవాల్సిన దారంతా పసుపుగీత. ఆ గొంతును ఆపే మీట ఎక్కడుందోనని సెట్టింగులన్నీ వెతికింది. లేదు. రెండో రోజుకు గుడారాలు వచ్చాయి. మంట చుట్టూ కెప్టెన్ మనుషులు పదకొండు మంది. వాళ్ళకు కట్టెలు, నీళ్ళు, గాయాలకు ఆకుమందు అన్నీ ఇస్కానే తేవాలి. ప్రతివాడి తలమీదా చిన్న గుర్తు ఒకటి ఉంటుంది, వాడు సంతోషంగా ఉన్నాడో లేదో చెప్పడానికి. ఒక్కడి ముఖం మాడినా తరవాతి గేటు తెరుచుకోదు. తనూజ మొదట నవ్వుకుంది. మూడో రోజుకు నవ్వు రాలేదు.

ఆ రోజు రామతులసమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడింది.

“ఏందమ్మాయ్, ఆ పిల్ల ఇందాకటి నుంచి కట్టెలే ఏరతా ఉంది?”

“ముందు ఆటల్లో కొండలెక్కేది అత్తమ్మా. ఇప్పుడిట్ల చేసినారు.”

“మంట కాడ కూసున్నోళ్ళు ఏం చేస్తారు?”

“కూర్చుంటారు.”

“ఒక్కడన్నా లేచి ఒక కట్టె అందిచ్చినాడా?”

“లేదు.”

రామతులసమ్మ ఒక గుక్క కాఫీ తాగింది. “దీనికి ఆట ఎందుకు? మనింట్లో ఉంటే సరిపోయేది గదా ఆ పిల్ల,” అని, తన మాట తనకే వినపడినట్టు ఆగిపోయింది. గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పదిహేనో రోజు ఆట ముగిసింది. నది పుట్టిన చోటుకు ఇస్కా చేరుకుంది. కెప్టెన్ ముందుకొచ్చి జెండా పాతి, ఆ ఊటకు తన పేరు పెట్టుకున్నాడు. ఇస్కా పక్కన దివిటీ పట్టుకుని నిలబడింది. తనూజ రిమోటు బల్ల మీద పెట్టి చాలాసేపు ఆ దివిటీనే చూసింది. తరవాత ఒక్క ఊపున రాసింది. బొమ్మ బాగుందనీ, సంగీతం ఇంకా బాగుందనీ దాచకుండా రాసింది. ఆ కింద ఇట్లా రాసింది: ‘తొంభై గంటల ఆట అని గొప్పగా చెబుతున్నారు. అందులో ఎనభై గంటలు ఇస్కా ఆడటం లేదు, చాకిరీ చేస్తోంది. దారి తప్పే హక్కు తీసేశాక అది ప్రయాణం ఎట్లా అవుతుంది?’

శరత్ అది చదివి ముఖం చిట్లించాడు. “ఏంది తనూ ఇది? ఆట పంపినోళ్ళు నన్ను హైదరాబాదు పిలిచినారు. స్టేజీ మీద మాట్లాడాల. ఇది పెడితే మళ్ళీ నా మొహం చూస్తారా?”

“పొగడమని వాళ్ళు అడిగినారా?”

“అడగాల్నా? మనమే అర్థం చేసుకోవాల. నువ్వు ఆడేది ఆడు. ఆలోచించేది నాకు వదిలెయ్యి.”

మరునాడు పొద్దున్నే ఆమె రాసింది పక్కన పడేసి, సొంత మాటలు రికార్డు చేసి పెట్టి, బంధువుల పెళ్ళికి కురిచేడు వెళ్ళిపోయాడు. వెళుతూ గుమ్మంలోంచి చెప్పాడు, “ఆ బొమ్మలకు అతికించి సాయంత్రానికి పెట్టెయ్.”

తనూజ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. ‘తొంభై గంటల పండగ మామా! నా చేత్తో ఆడిన ఆటల్లో ఇదే టాప్!’ అంటోంది అతని గొంతు. తెర మీద తన చేతులు నడిపించిన ఇస్కా నీళ్ళ కడవ మోస్తోంది. కోపం వస్తుందనుకుంది గానీ రాలేదు. కళ్ళజోడు తుడుచుకున్నంత స్పష్టంగా ఒక సంగతి కనబడింది. ఇన్నాళ్ళూ గొంతు అతనిదైనా మాట తనది. అందుకే ఓర్చుకోగలిగింది. తన మాట ఆ కుర్రాళ్ళందరికీ చేరుతోంది కదా, ఎవరి నోటినుంచైతేనేం అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఇప్పుడు మాట కూడా పోయింది. మిగిలినవి రెండు చేతులు. ఆ చేతులతో అబద్ధానికి సాక్ష్యం చెప్పిస్తున్నాడు. దీనికి ఊ అంటే రేపు హైదరాబాదులో అతను స్టేజీ మీద ఉంటాడు, తను ఇక్కడే ఉంటుంది, ఇస్కా పక్కన ఇంకో దివిటీ పట్టుకుని.

ఫోన్ చేసింది. పెళ్ళిమేళం మధ్యలో అతను ఎత్తాడు.

“మీ మాటల కింద నా ఆట పెట్టను. మీరు ఆడి, ఆ ఆట మీద పెట్టుకోండి.”

అతను పెద్దగా నవ్వాడు. “నేనెప్పుడు ఆడినాను తనూ?”

“నేను చెప్పేదీ అదే,” అని ఫోన్ పెట్టేసింది.

తన పేరుతో కొత్త ఛానెల్ తెరవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఫ్యాను ఆపి, హాల్లోకి వచ్చింది. “అత్తమ్మా, ఒక గంట మిక్సీ వెయ్యొద్దు. నేను మాట్లాడాల.”

“కూర సంగతి ఏంది?”

“ఆలస్యమవుతుంది.”

రామతులసమ్మ వెళ్ళి మిక్సీ ప్లగ్గు తీసేసింది. తనూజ గదిలోకి వెళ్ళిన కాసేపటికి టీవీ శబ్దం కూడా ఆగిపోయింది.

మొదటిసారి పాఠం అప్పజెప్పినట్టు వచ్చింది, కొట్టేసింది. రెండోసారి గొంతు వణికింది, అదీ కొట్టేసింది. మూడోసారి కాగితం పక్కన పెట్టి, గిద్దలూరులో నాయనతో మాట్లాడినట్టే మాట్లాడింది. “నా పేరు తనూజ. ఇస్కాతో నాది ఇరవై ఏళ్ళ స్నేహం. ఈసారి ఆమెను ఏం చేసినారో చెప్తా, వినండి.” నలభై నిమిషాలు ఎక్కడా తడుముకోలేదు. ఎండ దిగకముందే వీడియో పెట్టేసి, వంకాయలు తరగడానికి కూర్చుంది.

మరునాడు మధ్యాహ్నం శరత్ వచ్చేసరికి ఇస్కా అభిమానులు ఒకరికొకరు పంపుకోగా, వీడియో కింద మూడొందల కామెంట్లు ఉన్నాయి. ఆడవాళ్ళకు ఆటలేం తెలుసని రాసినవాళ్ళున్నారు, ఆట బాగానే ఉందని వాదించినవాళ్ళున్నారు. ఆ కెప్టెన్ గొంతు వింటుంటే మా ఆయన గుర్తొచ్చాడని పొదిలి నుంచి ఒకామె రాసింది. తనూజ ఒక్కొక్కరికీ జవాబిస్తోంది. శరత్ చొక్కా కూడా మార్చుకోకుండా కుర్చీ వెనక నిలబడి చదువుతున్నాడు. అంతలో కొత్త కామెంటు వచ్చింది.

‘అక్కా, మీరు అచ్చం శరత్ అన్న ఆడినట్టే ఆడినారు. అన్న దగ్గరే నేర్చుకున్నారా?’

శరత్ కుర్చీ వీపు పట్టుకుని ముందుకు వంగాడు. అతని గొంతు బాగా తగ్గింది. “తనూ, అవునని పెట్టు. అంతటితో పోతుంది.”

తనూజ వెనక్కి తిరగలేదు. తొందరపడకుండా, ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ టైపు చేసి, పంపింది.

‘లేదు తమ్ముడూ. అవి కూడా నేను ఆడినవే.’