ఆకు రాకముందే

సమ్మక్క నల్లమద్ది చెట్టు కింద నిలబడి ఉంది, పైకి చూస్తే కొమ్మలున్నాయి గాని ఆకు లేదు, కిందికి చూస్తే అడవి కాస్తా పత్తిచేనై ఆమె పాదాల దాకా వచ్చి ఆగింది, ఆ చేని గట్టు మీద మూడేళ్ల కిందట పోయిన అత్త బాయక్క కాళ్లు చాపుకుని కూర్చుని, పట్టుపురుగుల జోలికి రాకుండా బతికున్నన్నాళ్లూ చీమలను ఏరినట్టే, ఇప్పుడూ ఉత్త కొమ్మ మీద చీమలు ఏరుతోంది.

"నువ్వు సచ్చిపోతివి గదా అత్తా," అంటుంది సమ్మక్క.

"అది గప్పటి ముచ్చట. ఇత్తనం ఏది పిల్లా?"

ఆ మాటకు చేను ఇంటి వసారా అవుతుంది, దూలానికి పట్టుగూళ్ల దండలు వేలాడుతుంటాయి, చేత్తో తాకితే అన్నీ బొక్కపడ్డ ఖాళీ గూళ్లే. బాయక్క నలభై ఏళ్లు కాపాడిన, మద్ది ఆకు తిని పెరిగే అడవి దసలి పట్టుపురుగుల విత్తనం అది. పట్టు ఆఫీసువాళ్లిచ్చే పెద్ద గూళ్లు వద్దని, చిన్నగా గట్టిగా ఉండే ఈ రకాన్నే ఏటా దాచి, తొలకరికి వాటిలోంచి సీతాకోకచిలుకలు రెక్కలతో బయటికొచ్చి గుడ్లు పెట్టేదాకా ఆ దండల కిందే పడుకునేది. పోయేముందు కోడలికి అప్పగించింది.

"పోయినేడు పత్తి మందు గాలికి సగం పురుగులు పాయె. ఈయేడు నడి ఎండకాలంల వాన పడ్డదత్తా. తొలకరనుకొని చిలుకలు లేచినయి, గుడ్లు పెట్టినయి. పిల్లపురుగులకు పెడదామంటే మద్దికి ఆకేది?"

"వాగవతల ముందుగాల చిగురుపెట్టే చెట్లుండె గద."

"కొట్టేసిన్రు. రెండు కోసులు నడిచి ఆకు తెచ్చిన. తెచ్చేసరికి వాడిపాయె. ఒక్క పురుగు బతకలె."

బాయక్క తిట్టదు. తిడితే బాగుండునని సమ్మక్కకు అనిపిస్తుంది.

"వేరే ఊళ్లె ఎవలకన్న ఉన్నయా?"

"అడవంత తిరిగినత్తా. ఏడ లేవు. మనయే ఆఖరియి."

"మరి నేనెవలనడగాలె?" అంటుంది బాయక్క, దారి తప్పినదానిలా కోడలి ముఖంలోకి చూస్తూ. సమ్మక్క అత్త చేయి పట్టుకోబోతే ఇద్దరి మధ్యా చేను పెరుగుతూ పోతుంది.

మెలకువ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. వసారా గోడ మీద, మొన్న అన్నిటికన్నా ఆలస్యంగా బయటికొచ్చిన ఆడ చిలుక ఉంది. మగవి పదిరోజుల ముందే లేచి, ఎగిరి, చచ్చిపోయాయి. జత లేకుండానే అది ఒక్కొక్క గుడ్డూ గోడకు అంటిస్తోంది. వాటిలోంచి పిల్లలు రావని సమ్మక్కకు తెలుసు. అయినా లేచి వెళ్లి, ఎండ తగలకుండా కొంగు అడ్డంపట్టి నిలబడింది.